పాస్‌బుక్‌లో అంటించిన చిన్న ఫోటో నుంచి 12×18 ఫ్రేమ్: ముఖం మారకుండా ఎలా చేయాలి?

పరకాల స్టూడియో:

అందరికీ నమస్తే. పరకాలలో చిన్న స్టూడియో నడుపుతున్నాను. పెళ్ళి ఆల్బమ్‌లు, పాస్‌పోర్ట్ ఫోటోలు, ఫ్లెక్సీ డిజైన్లు నా పని. ఇప్పుడు వచ్చిన పని మాత్రం నాకు కొత్త.

మా పక్క ఊర్లో ఒక పెద్దాయన చనిపోయాడు. వచ్చే శుక్రవారం దశదిన కర్మ. ఇంట్లో వెతికితే ఆయన ఒక్కడే ఉన్న ఫోటో ఒకే ఒక్కటి దొరికింది, అది కూడా పాత బ్యాంకు పాస్‌బుక్‌లో అంటించి ఉంది. పాస్‌పోర్ట్ సైజు, రంగు ఫోటో, బాగా ఎర్రబారింది. ఎడమ భుజం మీద మొదలై దవడ వరకు ఊదా రంగు గుండ్రటి సీలు పడింది. దాన్ని 12×18 ఫ్రేమ్ చేసి ఇవ్వమంటున్నారు.

వాళ్ళ పెద్దబ్బాయి దుబాయ్‌లో ఉంటాడు. బయల్దేరే ముందే ఆ ఫోటోను ఏదో ఫోన్ యాప్‌లో వేసి వాట్సాప్‌లో పంపాడు. చర్మం నున్నగా, కళ్ళు మెరుస్తూ తయారైంది. వాళ్ళమ్మ దాన్ని చూసి "ఈయన మా ఆయన కాదు బిడ్డా, ఈ కళ్ళు ఎవరివో" అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

నా దగ్గర ఫ్లాట్‌బెడ్ స్కానర్, ఫోటోషాప్ ఉన్నాయి. హీలింగ్ బ్రష్‌తో సీలు తీయబోతే దవడ గీత కూడా కలిసిపోతోంది. ఫోటోను పాస్‌బుక్ నుంచి ఊడదీయాలా? ఎంత డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలు) స్కాన్ చేయాలి? అంత చిన్న ఫోటో 12×18కి సాగుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

హన్మకొండ రీటచర్:

తమ్ముడూ, ముందుగా ఒక మాట. ఆ ఫోటోను ఊడదీయకు. పాత జిగురు ఎండి గట్టిపడి ఉంటుంది, లాగితే బొమ్మ ఉన్న పై పొరే చీరుకుంటుంది. తడి గుడ్డ అసలు తగలనీయకు. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, పాస్‌బుక్‌ను అలాగే తెరిచి స్కానర్ మీద బోర్లించు. మీద బరువైన పుస్తకం ఒకటి పెడితే ఫోటో గాజుకు సమంగా ఆనుతుంది.

స్కానర్‌లో ఆటో కలర్, షార్పెన్, డస్ట్ రిమూవల్ అన్నీ ఆపెయ్యి. 1200 డీపీఐ, 48 బిట్ కలర్, టిఫ్ ఫైల్. ఇంతకంటే ఎక్కువ పెట్టినా కాగితం గరుకు తప్ప కొత్తగా ఏమీ రాదు. 48 బిట్ ఎందుకంటే, వెలిసిన ఫోటోలో రంగులన్నీ ఇరుకుగా ఒకచోట గుమిగూడి ఉంటాయి. వాటిని సాగదీయాలి. మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి కాబట్టి సాగదీసేసరికి బుగ్గల మీద చారలు పడతాయి.

ఆ స్కాన్‌ను ఏమీ మార్చకుండా పోస్ట్‌కార్డు సైజులో ఒక ప్రింట్ తియ్యి. ఒక పెన్ను పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళు. ఆ పెద్దాయన భార్య పక్కన కూర్చుని ఒక్కొక్క మచ్చ చూపిస్తూ అడుగు: అమ్మా, ఇది ఆయనకు ఉన్నదా, ఫోటోకు పట్టిందా? ఆయనకు ఉన్నదాని చుట్టూ సున్నా చుట్టు. నేను ఈ పని చేయకుండా ఏ దినాల ఫోటో మొదలుపెట్టను. ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మన వైపు పెద్దవాళ్ళ ముఖాల మీద ఉండేవి కంప్యూటర్‌కు మరకల్లాగే కనబడతాయి. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో వచ్చింది. అంతకు ముందు పుట్టినవాళ్ళలో అమ్మవారు పోసిన గుంటలు ఉన్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ములుగు వైపు నుంచి ఒక ముసలమ్మ ఫోటో నా దగ్గరికి వచ్చింది. కనుబొమ్మల మధ్య పచ్చబొట్టు, గడ్డం మీద మూడు చుక్కలు. అంతకు ముందు చేసినవాళ్ళు వాటన్నిటినీ శుభ్రంగా తుడిచేశారు. ఆమె మనవరాలు "మా నాయనమ్మకు బొట్టు లేకపోతే ముఖమే లేదు అక్కా" అంది. పాత స్కాన్ అడిగి తెప్పించుకుని ఆ చుక్కలు ఉన్నవి ఉన్నట్టు వెనక్కి తెచ్చాను.

అదే రోజు ఇంట్లో మిగతా ఫోటోలు కూడా అడుగు. ఒక్కడే ఉన్న ఫోటో లేకపోవచ్చు, గుంపులో ఉన్నవి తప్పకుండా ఉంటాయి. పెళ్ళి గ్రూప్ ఫోటో, మేడారం జాతరలో జంపన్నవాగు దగ్గర దిగింది, ఆధార్, ఓటరు కార్డు ఏదైనా సరే. వాటిలో నుంచి ముఖం కోసి ఇందులో అతికించడానికి కాదు. చెవి తమ్మె ఎంత కిందికి ఉంటుంది, కనురెప్ప ఎంత వాలి ఉంటుంది, నుదుటి మీద జుట్టు ఎక్కడ మొదలవుతుంది అనేవి పక్కన పెట్టుకుని చూడడానికి. ఫోన్‌లో ఉన్నవాటిని వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని చెప్పు, లేకపోతే కుదించుకుపోయి వస్తాయి.

ఇప్పుడు ఎరుపు సంగతి. రంగు ప్రింట్‌లో సియాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు అని మూడు రంగుల పొరలు ఉంటాయి. సియాన్ ముందుగా వెలిసిపోతే మిగిలిన రెండూ కలిసి ఫోటో ఎర్రగా కనబడుతుంది. లెవెల్స్ తెరిచి ఆర్‌జీబీలో కాకుండా రెడ్, గ్రీన్, బ్లూ ఒక్కొక్కటి విడిగా చూడు. రెడ్ ఛానెల్ గ్రాఫ్ అంతా కుడి వైపుకి జరిగి ఉంటుంది. ఎడమ వైపు స్లైడర్‌ను గ్రాఫ్ మొదలయ్యే చోటికి తీసుకురా. మిగతా రెండింటికీ అటూ ఇటూ ఇలాగే చెయ్యి. ఈ ఒక్క పనితోనే సగం ప్రాణం వస్తుంది. తర్వాత ఇన్ఫో ప్యానెల్‌లో సీఎంవైకే అంకెలు పెట్టుకుని, బుగ్గ మీద మరీ వెలుగూ మరీ నీడా లేని చోట కర్సర్ ఆనించు. చామనఛాయ చర్మానికి పసుపు అంకె మెజెంటా కంటే కాస్త ఎక్కువ ఉండాలి, సియాన్ మెజెంటాలో మూడో వంతు నుంచి సగం వరకు ఉండాలి. సియాన్ అంతకంటే తగ్గితే ముఖం గులాబీ రంగులోకి పోతుంది. పొలంలో ఎండకు తిరిగిన మనిషికి ఆ రంగు అతకదు. "కొంచెం తెల్లగా చెయ్యి" అని చుట్టాల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నువ్వు ఆమె మాటే విను.

సీలుకు హీలింగ్ బ్రష్ వాడొద్దు. ఛానెల్స్ ప్యానెల్‌లోకి వెళ్ళి మూడూ విడివిడిగా చూడు. గ్రీన్‌లో సీలు నల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. బ్లూలో దాదాపు మాయమైపోతుంది, ఎందుకంటే ఊదా ఇంకు నీలి వెలుగును మింగకుండా తిప్పి పంపుతుంది. ఆ బ్లూ ఛానెల్‌ను కాపీ చేసి పైన కొత్త లేయర్‌గా వెయ్యి, మోడ్ ల్యూమినాసిటీ (వెలుగునే మారుస్తుంది, రంగును కాదు). ఆ లేయర్‌ను దాచేసే నల్లటి మాస్క్ పెట్టి, సీలు గీతలు ఉన్న చోట మాత్రమే తెల్ల బ్రష్‌తో తెరువు. బ్లూలో చర్మం నల్లగా ఉంటుంది కాబట్టి కర్వ్స్‌తో పక్కనున్న చర్మం వెలుగుకు సరితూగేదాకా పైకి లేపు. ఇంకా కొంచెం ఊదా ఛాయ మిగులుతుంది. దాని మీద ఇంకో ఖాళీ లేయర్, మోడ్ కలర్, పక్క చర్మం రంగు తీసుకుని మెత్తటి బ్రష్‌తో పుయ్యి. దవడ గీత ఎక్కడికీ పోదు. దాన్ని నువ్వు కొత్తగా గీయడం లేదు, సీలు కింద ఉన్నదాన్నే బయటికి తీస్తున్నావు. ఒరిజినల్‌లో ఉన్నది దొరికినంత వరకు కొత్తది సృష్టించకు.

మిగిలిన చిన్న చుక్కలకు, గీతలకు హీలింగ్ బ్రష్ చాలు, అయితే ఎప్పుడూ విడి లేయర్ మీద. కాలర్ అంచు, పెదవి అంచు దగ్గర హీలింగ్ పక్క రంగును లాగి మసక చేస్తుంది. అక్కడ క్లోన్ స్టాంప్ ముప్పై శాతం ఒపాసిటీతో కొద్దికొద్దిగా వెయ్యి.

సైజు గురించి భయపడకు. 35×45 మిల్లీమీటర్ల ఫోటోను 1200లో స్కాన్ చేస్తే నిలువునా 2120 పిక్సెళ్ళ దాకా వస్తాయి. దాన్ని 18 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 118 పిక్సెళ్ళు. ఆల్బమ్‌కు 300 కావాలి, నిజమే. కానీ ఈ ఫ్రేమ్‌ను చేతిలో పట్టుకుని చూడరు. ఆరు అడుగుల దూరంలో నిలబడితే మామూలు చూపుకు అంగుళానికి 50 చుక్కలు దాటాక విడివిడిగా కనబడవు. ఇమేజ్ సైజ్‌లో ప్రిజర్వ్ డీటెయిల్స్ 2.0 పెట్టి పెంచు. చివర్లో 50 శాతం బూడిద రంగు లేయర్‌ను ఓవర్‌లే మోడ్‌లో వేసి కాస్త నాయిస్ కలుపు. నువ్వు ముట్టుకున్న చోటు, ముట్టుకోని చోటు ఒకేలా కనబడతాయి.

కళ్ళ దగ్గర చెయ్యి చాలా తక్కువ పడాలి. తెల్లగుడ్డు తెల్లబరచకు, పాపలో మెరుపు కొత్తగా పెట్టకు. మా నాన్నది హన్మకొండలో స్టూడియో. నెగెటివ్‌ను వాలుబల్ల మీద పెట్టి, కింద అద్దం నుంచి వచ్చే వెలుగులో సన్నగా చెక్కిన పెన్సిల్‌తో రీటచ్ చేసేవాడు. నెగెటివ్‌పై పెన్సిల్ పడిన చోట ప్రింట్ తెల్లబడుతుంది. కంటి కింద ముడతను లేతగా చేసేవాడే కానీ పూర్తిగా పూడ్చేవాడు కాదు. కస్టమర్ పట్టుబట్టినా ఒప్పుకునేవాడు కాదు. నేను డాడ్జ్ అండ్ బర్న్ (అక్కడక్కడ వెలుగు పెంచడం, తగ్గించడం) చేసేటప్పుడు ఇప్పటికీ ఆ కొలతే పాటిస్తాను.

అంతా అయ్యాక ఇలా సరిచూసుకో. పూర్తయిన ఫైల్‌ను కాపీ తీసి స్కాన్ సైజుకు కుదించు. రంగు సరిచేసిన స్కాన్ మీద దాన్ని డిఫరెన్స్ మోడ్‌లో పెట్టు, రెండిటికీ తేడా ఉన్న చోటే వెలుగు కనబడుతుంది. సీలు ఉన్న చోట, గీతలు ఉన్న చోట వెలుగు కనబడితే అది నీ పని. కళ్ళు, ముక్కు పుటాలు, పెదవుల మూలలు వెలుగుతుంటే మనిషి మారుతున్నాడని అర్థం, వెనక్కి వెళ్ళు.

గోదావరిఖని ఫోటోస్:

అక్క చెప్పిన పద్ధతి బంగారం. సీలు విషయం నేను కూడా అలాగే చేస్తాను. ఏఐ గురించి మాత్రం ఒక మాట కలుపుతాను, ఎందుకంటే శుక్రవారానికి టైమ్ తక్కువ ఉంది.

ఏఐని పూర్తిగా పక్కన పెట్టక్కర్లేదు. కోడ్‌ఫార్మర్ లాంటి, ముఖాలను బాగుచేసే ఏఐ టూల్స్‌లో ఫిడెలిటీ అని 0 నుంచి 1 వరకు ఒక స్లైడర్ ఉంటుంది. సున్నా వైపు వెళ్తే ముఖం మెరుస్తుంది, మనిషి పోతాడు. 1 దగ్గర పెడితే ఒరిజినల్‌కు దగ్గరగా ఉంటుంది. ఆ ఫలితాన్ని పైన లేయర్‌గా వేసి ముప్పై, నలభై శాతం ఒపాసిటీ పెడతాను. కళ్ళు, నోరు, ఇంటివాళ్ళు చెప్పిన మచ్చలు అన్నీ మాస్క్‌లో మూసేస్తాను. జుట్టు, మీసం అంచులు, చొక్కా కాలర్‌కు మాత్రమే వాడతాను. చాలా టైమ్ కలిసి వస్తుంది.

మచ్చల గురించి అక్క చెప్పింది కదా, మా కోల్‌బెల్ట్‌లో ఇంకొకటి ఉంది. బొగ్గు బావిలో పనిచేసినవాళ్ళకు దెబ్బ తగిలినప్పుడు ఆ గాయంలోకి బొగ్గు పొడి దూరితే, మానిన తర్వాత కూడా చర్మం కింద నీలి గీతలా ఉండిపోతుంది. మా నాన్నకు నుదుటి మీద ఉంది. సింగరేణి నుంచి రిటైరైనవాళ్ళ ఫోటోలు వస్తే నేను ముందు దాని కోసమే చూస్తాను. స్కాన్‌లో అది అచ్చం ఇంకు మరకలా ఉంటుంది, తీసేయాలనే అనిపిస్తుంది. అడగకుండా తీయకూడదు.

హన్మకొండ రీటచర్:

బొగ్గు గీత సంగతి నాకు తెలియదు తమ్ముడూ, రాసి మంచి పని చేశావు. భూపాలపల్లి నుంచి కూడా నాకు ఫోటోలు వస్తుంటాయి, ఇకనుంచి అడుగుతాను.

చొక్కాకు, జుట్టుకు ఏఐ వాడితే నాకూ అభ్యంతరం లేదు. ముఖానికి ఒప్పుకోను, ముప్పై శాతమైనా సరే. ఈ మోడళ్ళు ముఖాలు నేర్చుకున్నది ఫ్లికర్ నుంచి సేకరించిన 70,000 ఫోటోల నుంచి. మన చిన్న స్కాన్‌లో కంటి దగ్గర ఉన్నవి కొన్ని పిక్సెళ్ళే. మిగతాది ఆ ముఖాల్లో చూసినదాన్ని బట్టి నింపుతుంది. చూసేవాళ్ళకు అందంగానే ఉంటుంది. నలభై ఏళ్ళు కలిసి బతికిన మనిషికి మాత్రం వెంటనే తెలిసిపోతుంది. పరకాల అమ్మ తెలుసుకుంది కదా. అంత స్పష్టంగా చెప్పిన మనిషికి మళ్ళీ అదే పద్ధతిలో, కాస్త పలచన చేసి ఇవ్వడం నాకు మనసొప్పదు. కొంచెం మసకగా ఉన్నా ఆయన కళ్ళే ఉండనివ్వండి.

కరీంనగర్ కలర్ ల్యాబ్:

ప్రింట్ వైపు నుంచి కొన్ని మాటలు. దినాల ఫ్రేమ్‌లు మా దగ్గరికి రోజూ వస్తాయి.

దండ సంగతి ఎవరూ ఆలోచించరు. 12×18 నిండా ముఖం నింపి పంపుతారు, బంతిపూల దండ వేయగానే చెవులు, భుజాలు కప్పుకుపోతాయి. తల పైన రెండు అంగుళాలైనా ఖాళీ వదలండి, బ్యాక్‌గ్రౌండ్ పైకి పెంచితే సరిపోతుంది. కింద పేరు, తేదీలు రాయాలంటే దానికి కూడా ముందే చోటు ఉంచండి. ఇలా చేస్తే ఫోటోను అంతగా సాగదీయాల్సిన పని కూడా ఉండదు.

పేపర్ గ్లాసీ వద్దు, మ్యాట్ లేదా లస్టర్ చెప్పండి. ఫ్రేమ్ అద్దం, గ్లాసీ పేపర్ రెండూ కలిస్తే ట్యూబ్‌లైట్ నేరుగా ముఖం మీద మెరుస్తుంది. ఫైల్ ఎస్‌ఆర్‌జీబీ కలర్ ప్రొఫైల్‌లో పంపండి. అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు "ప్రింట్ నల్లగా వచ్చింది" అని. స్టూడియోల్లో మానిటర్ వెలుగు పూర్తిగా పెంచి ఎడిట్ చేస్తారు, దానికే అంత తేడా. వెలుగు బాగా తగ్గించి, తెల్ల కాగితం ఒకటి స్క్రీన్ పక్కన పెట్టి రెండూ దాదాపు సమంగా కనబడేలా చూసుకోండి. వీలైతే ముందు ముఖం వరకు కోసి 4×6 ప్రింట్ ఒకటి తీయించి చూడండి.

ఇంకొకటి, ఈ తమ్ముడి పనికి సంబంధం లేదు కానీ చెప్తాను. పాత స్టూడియో ఫోటోలు కొన్నిటికి కాగితం మీద పట్టుబట్టలాగా గళ్ళు ఉంటాయి. స్కాన్ చేస్తే ముఖమంతా చుక్కలే. ఫోటోను ఒకసారి నిటారుగా, ఒకసారి తలకిందులుగా స్కాన్ చేయండి. స్కానర్ లైటు ఒక పక్క నుంచే పడుతుంది కాబట్టి గళ్ళ నీడలు రెండు స్కాన్లలో ఎదురెదురుగా పడతాయి. రెండోదాన్ని తిప్పి, మొదటిదాని మీద సరిగ్గా కూర్చోబెట్టి యాభై శాతం ఒపాసిటీ ఇస్తే నీడలు చాలా వరకు కొట్టుకుపోతాయి. బ్లర్ చేయాల్సిన అవసరమే రాదు.

పరకాల స్టూడియో:

అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం ప్రింట్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు లేని చిన్న గీత ఉంది, నేను అది ఫోటో మడత అనుకున్నాను. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలిందట. ఆమె సున్నా చుట్టించింది. గడ్డం కింద ఉన్న నల్ల చుక్క మాత్రం ఆయనది కాదంది.

బ్లూ ఛానెల్ చూసి ఆశ్చర్యపోయాను, సీలు నిజంగానే కనబడలేదు. దవడ గీత మొత్తం వచ్చింది. ఎరుపు కూడా లెవెల్స్‌తో పోయింది. రెండు డౌట్లు మిగిలాయి. భుజం మీద చొక్కా తెల్లది కావడంతో సీలు ఊదా ఛాయ ఇంకా లేతగా కనబడుతోంది. ఇంకోటి, ఆ చొక్కా కాలర్ చిరిగి ఉంది. పెద్దబ్బాయి తెల్ల జుబ్బా, కండువా వెయ్యమంటున్నాడు. వేయనా?

హన్మకొండ రీటచర్:

చొక్కా మీద ఛాయకు కలర్ లేయర్ పుయ్యాల్సిన పని లేదు. హ్యూ/సాచురేషన్ లేయర్ వేసి, బ్లూస్, మెజెంటాస్ రెండింటి సాచురేషన్ మాత్రం పూర్తిగా తగ్గించు, మాస్క్‌తో చొక్కా వరకే ఉంచు. తెల్ల బట్టలో వేరే ఊదా ఉండదు కాబట్టి మిగతా దేనికీ నష్టం రాదు.

జుబ్బా, కండువా విషయం ఆమెను అడుగు. ఆయన ఎప్పుడైనా జుబ్బా వేసుకున్న మనిషైతే వెయ్యి, తప్పేం లేదు. పండగకు బతికున్నవాళ్ళకు కొత్త బట్టలు కొనిపెట్టినట్టే ఆ కొడుకు అడుగుతున్నాడు. వేస్తే మాత్రం వెలుగు చూసుకో. ఈ ఫోటోలో ముక్కు నీడ ఏ పక్కకు పడిందో, నువ్వు తెచ్చే జుబ్బాలో మెడ కింద నీడ కూడా అదే పక్కకు పడాలి. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మ వద్దు. ఇంట్లో ఎవరికైనా ఆయన జుబ్బానే వేయించి, అదే వైపు నుంచి కిటికీ వెలుగు పడేలా నిలబెట్టి నువ్వే ఒక ఫోటో తియ్యి. మెడ, దవడ జోలికి పోకుండా కాలర్ దగ్గర నుంచే కలుపు. తల సైజు పెంచకు, తగ్గించకు.

జుబ్బా వద్దంటే చిరిగిన చోటు క్లోన్ స్టాంప్‌తో కలిపెయ్యి, చొక్కా అదే ఉంచు.

కనుబొమ్మ గీత దగ్గర షార్పెన్ వేసేటప్పుడు చూసుకో, ఎక్కువైతే అది కత్తి గాటులా కనబడుతుంది. గురువారం మధ్యాహ్నానికల్లా 4×6 ప్రింట్ ఆమెకు చూపించు, ఫోన్‌లో కాదు. ఆమె సరే అన్నాకే పెద్దది ల్యాబ్‌కు పంపు. పాస్‌బుక్ ఎవరి చేతికో ఇవ్వకుండా ఆమెకే ఇవ్వు. రీటచ్ చేయని స్కాన్ టిఫ్ ఫైల్, ఫైనల్ ఫైల్ రెండూ పెన్‌డ్రైవ్‌లో వేసి పెద్దబ్బాయికి ఇచ్చెయ్యి.